ఆ గుల్లలో ఉన్నది ఏ ఎండ్రకాయ?

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం మీద అండమాన్‌లో ఉంటున్నాడు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు పగడపు రాళ్ల మధ్య తీసిన ఫొటో ఒకటి పంపాడు. నత్త గుల్లలోంచి ఒక ఎండ్రకాయ తొంగి చూస్తోంది. ఎడమ చెయ్యి ఒళ్లంత ఉంది. ఇది ఏ జాతి? ఆ గుల్లను బట్టి పేరు చెప్పవచ్చా?
– వెలిగండ్ల నుంచి ఒక పాఠకుడు

జవాబు: గుల్లను బట్టి చెప్పలేం. చాలామంది అక్కడే దారి తప్పుతారు. ఫొటోలో ముందు కంటికి ఆనేది గుల్లే కాబట్టి దాని రంగు, చారలు, మెలికలు చూసి పుస్తకాల్లో వెతుకుతారు. ఆ గుల్ల ఎండ్రకాయది కాదు, ఎప్పుడో చచ్చిపోయిన నత్తది. అద్దెకున్నవాళ్ల ఊరూ పేరూ ఇంటి సున్నం రంగు చూసి చెప్పగలమా? ఇదీ అంతే. ఒకే జాతి ఎండ్రకాయలు పది రకాల గుల్లల్లో దొరుకుతాయి. ఒకే రకం గుల్లలో నాలుగు జాతులవి కాపురం ఉంటాయి. పైగా ఒంటి కొలత పెరిగిన కొద్దీ పాత గుల్ల వదిలి కొత్త దానిలోకి మారుతూనే ఉంటాయి.

పాఠ్యపుస్తకాల్లో వీటిని సన్యాసి పీతలంటారు. ప్రపంచం మొత్తం మీద 1,100 జాతులకు పైగా గుర్తించారు. మన చెరువు గట్ల మీద, వరి మళ్లలో బొరియలు తవ్వే ఎండ్రకాయకూ వీటికీ చుట్టరికం ఉంది గానీ అది దూరపు చుట్టరికమే. తేడా చూడాలంటే సముద్రం దాకా పోనక్కర్లేదు. పొలం ఎండ్రకాయను జాగ్రత్తగా పట్టి వెల్లకిలా తిప్పండి. రొమ్ము కింద పలచని రేకులా ఒక మడత అతుక్కుని ఉంటుంది. అదే దాని పొట్ట భాగం, గట్టి పెంకుతో ముడుచుకుని ఉంటుంది. సన్యాసి పీతకు ఆ పెంకు లేదు. ముందు సగం గట్టిగానే ఉంటుంది, వెనక సగం మాత్రం మెత్తటి కండ. ఏ చేప అయినా ఒక్క కొరుకుడుతో తినెయ్యగలదు. గుల్ల అవసరం అందుకే.

ఆ మెత్తటి పొట్ట తిన్నగా కూడా ఉండదు, కుడి వైపు మెలి తిరిగి ఉంటుంది. ఎందుకో తెలియాలంటే చెరువులో దొరికే నత్త గుల్ల ఒకటి చేతిలోకి తీసుకోండి. మొన పైకి, నోరు మీ వైపు వచ్చేలా పట్టుకుంటే నోరు కుడిచేతి వైపు పడుతుంది. సముద్రపు నత్తల్లోనూ ఎక్కువ భాగం ఇంతే. (పూజ గదిలో దక్షిణావర్త శంఖం ఉన్నవాళ్లు ఇక్కడ తికమక పడతారు. మనం శంఖాన్ని మొన కిందికి పెట్టి చూస్తాం, జీవశాస్త్రజ్ఞులు మొన పైకి పెట్టి చూస్తారు. కాబట్టి మనం అరుదైన దక్షిణావర్తం అనుకునేది వాళ్ల లెక్కలో ఎడమ మెలిక శంఖం. శంఖం మాత్రం ఒక్కటే.) కుడి మెలిక గుల్లలే ఎక్కువ కాబట్టి సన్యాసి పీత ఒళ్లు వాటికి సరిపడేలా తయారైంది. తోక చివర ఉండే రెండు కొక్కేల్లో ఎడమది పెద్దది. గుల్ల మధ్యలో నిలువుగా ఉండే స్తంభాన్ని దానితో లోపలి నుంచి బిగించి పట్టుకుంటుంది. బయటి నుంచి లాగితే ఒళ్లు తెగిపోతుందేమో గానీ పట్టు వదలదు. జాతి తెలుసుకుందామని ఎవరైనా దాన్ని గుల్లలోంచి ఊడబెరికితే చివరికి చేతిలో మిగిలేది చచ్చిన జీవమే.

ఇక కాళ్లు లెక్కపెడదాం. అన్నీ కలిపి పది. ముందు రెండు పట్టుకునే చేతులు, అంటే డెక్కలు. తర్వాత నాలుగు నడిచే కాళ్లు. చివరి నాలుగు చాలా చిన్నవి, గరుకు పట్టీలతో గుల్ల గోడకు ఆని లోపలే ఉండిపోతాయి. ఫొటోలో ఆరే కనపడతాయి కాబట్టి ఇది పురుగు జాతేమో అని కొందరు అనుమానపడతారు. ఆ అనుమానం అక్కర్లేదు.

పేరు పట్టడానికి నిపుణులు ఒక వరసలో వెళతారు. ముందు చూసేది నేల మీదిదా, నీటిదా అన్నది. అండమాన్ ఒడ్డున చెట్ల కింద, ఎండుటాకుల్లో తిరిగే సన్యాసి పీతలు చాలావరకు సీనోబిటా ప్రజాతివి. వాటి కంటి కాడలు పక్కల నుంచి నొక్కినట్టు చదునుగా ఉంటాయి. రెండు జతల మీసాల్లో చిన్న జత కొస మొద్దుగా, తుంచేసినట్టు ఉంటుంది. సముద్రంలో ఉండేవాటి చిన్న మీసాల కొస సన్నగా సాగి, వాసన పట్టడానికి నీళ్లలో అదురుతూ ఉంటుంది. మీ ఫొటో ఆటుపోట్ల మధ్య, నీళ్లు నిలిచిన రాతి గుంటలో తీసినది. కంటి కాడలు గుండ్రంగానే ఉన్నాయి. కనుక ఇది సముద్రపు జాతి.

తర్వాత చూడాల్సింది ఏ చెయ్యి పెద్దదన్నది. సముద్రపు సన్యాసి పీతల్లో పెద్ద కుటుంబాలు రెండు. పగూరిడే కుటుంబానికి సాధారణంగా కుడి డెక్క పెద్దది. డయోజెనిడే వాళ్లకు ఎడమది పెద్దది, లేదా రెండూ ఇంచుమించు సమానం. చల్లని సముద్రాల్లో పగూరిడే జోరు ఎక్కువ, మన వెచ్చటి లోతు తక్కువ నీళ్లలో డయోజెనిడే రాజ్యం. మీ ఎండ్రకాయ పుర్రచేతి వాటంది కాబట్టి డయోజెనిడే వైపు మొగ్గు చూపవచ్చు. అయితే డెక్క ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. కొట్లాటలో డెక్క ఊడిపోతే మళ్లీ మొలుస్తుంది, కుబుసం విడిచిన ప్రతిసారీ కొంచెం పెరుగుతుంది. పెద్దది పోయి ఇంకా పూర్తిగా పెరగని దశలో ఫొటో తీస్తే లెక్క తారుమారవుతుంది. అనుమానం వస్తే నిపుణులు నోటి ముందుండే మూడో జత దవడ కాళ్లు చూస్తారు. వాటి మొదళ్లు దగ్గర దగ్గరగా ఉంటే డయోజెనిడే, మధ్యలో బాగా ఎడం ఉంటే పగూరిడే. ఫోను ఫొటోలో అది అరుదుగా కనిపిస్తుంది.

మూడోది డెక్క వేళ్ల కొస. దీనికి కాస్త ఓపిక కావాలి. కొసలు నల్లగా, మన గోళ్లలా మెరిసే పదార్థంతో ఉన్నాయా, లేక తెల్లటి సున్నపు కొసలా? రెండు డెక్కలూ సమానంగా ఉండి, కొసలు నల్లగా ఉంటే క్లైబనేరియస్ కావచ్చు. ఎడమది పెద్దది, ఒంటి నిండా నూగు, కొసలు నలుపు అయితే పగడపు దిబ్బల్లో తిరిగే బాగా పెద్ద రకం, డార్డానస్. వాటిలో డార్డానస్ మెగిస్టాస్‌ను ఎవరైనా గుర్తుపడతారు. ఎర్రటి ఒళ్లు, దాని మీద నల్ల అంచు కట్టిన తెల్ల చుక్కలు. ఎడమది పెద్దది, డెక్క నున్నగా, కొస తెల్లగా ఉంటే కాల్సినస్ ప్రజాతి. మీ ఫొటోలోది ఈ చివరి గదిలో పడుతుంది.

గుల్ల అసలు ఎందుకూ పనికిరాదని కాదు. సిలియోపగూరస్ స్ట్రిగేటస్ అనే ఎర్ర, పసుపు పట్టీల జీవి ఒళ్లు పైనుంచి అణిచినట్టు చదునుగా ఉంటుంది. సన్నటి చీలిక నోరున్న కోన్ గుల్లలో దూరడానికి అది బాగా పనికొస్తుంది. మిగతావాటిలో చాలా జాతులు అందులో సుఖంగా పట్టవు. పగూరిట్టా అనే ప్రజాతివి గుల్ల జోలికే పోవు, పగడపు రాయిలో పురుగులు వదిలేసిన గొట్టాల్లో కూర్చుని ఈకల్లాంటి మీసాలతో నీళ్లను వడకట్టి తింటాయి. ఇలాంటి చోట ఇల్లే సగం పేరు చెప్పేస్తుంది. మీ ఫొటోలోది మాత్రం గుండ్రటి నోరున్న మామూలు గుల్ల, ఎవరైనా దూరగలిగినది.

కాల్సినస్‌లో నలభైకి పైగా జాతులున్నాయి. ఇక్కడి నుంచి రంగు పనికొస్తుంది. మీ అబ్బాయి తీసిన ఫొటో ఒకసారి దగ్గరగా పెట్టుకుని చూడండి. ఎడమ డెక్క ఉబ్బి, గుండ్రాయిలా నున్నగా ఉంది. మొదలు ముదురు గోధుమ రంగు, కొస వైపంతా తెలుపు. కుడి డెక్క దాని చాటున చిన్నగా ఒదిగి ఉంది. నడిచే కాళ్లు ముదురు గోధుమ, కొసల దగ్గర తెలుపు. మీసాలు నారింజ. కంటి కాడల మీద నీలం, నారింజ రెండూ ఉన్నాయి. ఈ గుర్తులన్నీ కలిసేది కాల్సినస్ లీవిమానస్‌లో. బెదిరించగానే అది గుల్లలోకి జారుకుని, ఆ పెద్ద ఎడమ డెక్కనే తలుపులా నోటికి అడ్డం పెడుతుంది. ఆ డెక్క అంత పెద్దదిగా, నున్నగా ఉండటం వల్ల దానికి ఒరిగేది అదే.

దీన్ని మొదట హవాయి దీవుల నమూనాల నుంచి వర్ణించి పేరు పెట్టింది జాన్ విట్ రాండాల్ అనే అమెరికన్, 1840లో. పాత పుస్తకాల్లో కాల్సినస్ హెర్బ్‌స్టి అనే పేరు కనబడితే అదీ ఇదే. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి హవాయి దాకా దీని సంచారం. బొటనవేలంత లేని జీవి అంత దూరం ఎలా వ్యాపించింది? నడిచి కాదు. తల్లి గుడ్లను పొట్టకు అంటించుకుని గుల్ల లోపలే మోస్తుంది. గుడ్లు పగిలే వేళకు సముద్రంలోకి వదులుతుంది. పుట్టిన పిల్లకు గుల్ల ఉండదు, తల్లి పోలికా ఉండదు. కంటికి ఆనని రొయ్య పిల్లలాంటి రూపంలో ప్రవాహాల వెంట తేలుతూ, దశలు మారుతూ, చివరికి ఏదో ఒక ఒడ్డు చేరి మొదటి చిన్న గుల్ల వెతుక్కుంటుంది. తేలే రోజుల్లో ఎక్కడికి కొట్టుకుపోతే అదే దాని ఊరు.

ఇంతకీ రంగు చూస్తే తెలిసిపోయేదానికి పండితులకు ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? నన్నడిగితే ఈ విషయం మొత్తంలో అసలు రుచి ఇక్కడే ఉంది. పాత రోజుల్లో జీవిని పట్టగానే సారాయి సీసాలో వేసేవారు. సారాయిలో ఎరుపు, నారింజ, నీలం కొద్ది రోజుల్లోనే కరిగిపోతాయి. మ్యూజియం బల్ల మీదికి వచ్చేసరికి అన్నీ పాలిపోయిన గడ్డి రంగే. మన సముద్రాల సన్యాసి పీతల మీద ఇప్పటికీ తిరగేసే పెద్ద గ్రంథం 1905లో కలకత్తా ఇండియన్ మ్యూజియం వేసింది. రాసినవాడు ఆల్‌ఫ్రెడ్ ఆల్కాక్, అంతకుముందు ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ మీద డాక్టరుగా తిరిగినవాడు. డెక్క మీది ముళ్లు, కంటి కాడ పొడవు, కాలి వేళ్ల కొలతలు – ఇలా రంగు పోయినా మిగిలే గుర్తుల మీదే ఆ తరం వాళ్లు జాతులు వేరు చేశారు. తప్పు వాళ్లది కాదు, సారాయిది. కానీ ఒంటి తీరు ఒకటే ఉండి రంగులు మాత్రమే వేరైన అన్నదమ్ముల్లాంటి జాతులు ఆ పద్ధతిలో ఒకే పేరు కింద కలిసిపోయాయి.

కాల్సినస్ గైమార్డీ అనే పేరు కింద ఎన్నో ఏళ్లు రెండు జాతులు కలిసి బతికాయి. 1999లో రహాయు, ఫారెస్ట్ అనే ఇద్దరు రెండో దాన్ని విడదీసి కాల్సినస్ మోర్గానీ అన్నారు. బతికున్నప్పటి రంగులు ఈ రెంటినీ వేరు చేస్తాయి. ఆ తర్వాత 2010లో మరియా సీలియా మలాయ్, గుస్తావ్ పాలే కలిసి కాల్సినస్ జాతుల డీఎన్‌ఏ సరిపోల్చి చూశారు. కొత్త జాతులు ఎక్కువగా దూరంగా విసిరేసినట్టుండే దీవుల్లో, అసలు గుంపు నుంచి తెగిపోయిన చోట పుడుతున్నాయని తేలింది. దగ్గరి చుట్టాల మధ్య ఒంటి తీరు పెద్దగా మారకముందే రంగు మారిపోతోందని కూడా తేలింది. అంటే మీ అబ్బాయి జేబులోని ఫోను ఒక విధంగా ఆల్కాక్ సీసా కంటే మంచి సాక్ష్యం.

అలాగని రంగును గుడ్డిగా నమ్మేయకూడదు. కాల్సినస్ ఎలిగాన్స్ అనే జాతి కాళ్ల మీద నల్లటి నేపథ్యంలో మెరిసే నీలం పట్టీలుంటాయి. అదే జాతి హవాయిలో నారింజ పట్టీలతో ఉంటుంది. కాబట్టి రంగుతో పాటు ఎక్కడ తీశారన్నది తప్పక రాసుకోవాలి. కుబుసం విడిచే ముందు రంగు మసకబారుతుంది. విడిచిన కుబుసం కూడా అచ్చం చచ్చిన ఎండ్రకాయలా, డెక్కలతో సహా గుల్ల పక్కన పడి ఉంటుంది. చాలామంది పాపం చచ్చిపోయిందని జాలిపడతారు, అసలుది గుల్లలో మెత్తగా కూర్చుని ఉంటుంది.

ఫోనులో ఫొటో చూపిస్తే పేరు చెప్పే ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లు ఇప్పుడున్నాయి. పనికొస్తాయి, కానీ యంత్రం చెప్పిన మొదటి పేరే ఖాయం చేసుకోకూడదు. ఆ పేరు గల జీవి ఏ సముద్రంలో ఉంటుందో ముందు చూడండి. అక్వేరియం వ్యాపారంలో నీలి కాళ్ల రకమని అమ్మే క్లైబనేరియస్ ట్రైకలర్ కరీబియన్ సముద్రానిది. అండమాన్ రాతి మీద దాన్ని చూశామని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు.

మీ ఊరి నుంచి సముద్రం వంద కిలోమీటర్లు అటూ ఇటూ. పాకల ఒడ్డుకో, కొత్తపట్నానికో వెళితే ఈ జీవి కనిపిస్తుందా అని తర్వాతి ప్రశ్న రావచ్చు. సన్యాసి పీతలు కనిపిస్తాయి, ఇది కాదు. పగడం పెరగాలంటే తేట నీళ్లు కావాలి, ఎండ అడుగుదాకా దిగాలి, పట్టుకోవడానికి గట్టి రాయి ఉండాలి. మన వైపు అడుగంతా ఇసుక, ఒండ్రు. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన పెన్న తెచ్చి పోసే మట్టి నీళ్లను మసక చేస్తుంది. అందుకే దేశంలో పెద్ద పగడపు దిబ్బలు అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లోనే ఉన్నాయి. మన ఇసుక తీరంలో వలల్లో పడేవి, అలలు వదిలేసిన గుల్లల్లో కదిలేవి ఎక్కువగా డయోజెనీస్, క్లైబనేరియస్ ప్రజాతులవి. డయోజెనీస్‌కూ ఎడమ డెక్కే పెద్దది. కానీ దాని కంటి కాడల మధ్య సూదిలాంటి చిన్న కదిలే ముల్లు ఒకటుంటుంది. భూతద్దంతో చూస్తే అదే పట్టిస్తుంది.

గుల్ల బాగుంది, ఇంటికి తెచ్చుకుందామని మీ అబ్బాయికి అనిపించవచ్చు. వద్దనండి. పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి, కొన్ని రకాల శంఖాలూ ఆ జాబితాల్లో ఉన్నాయి. అండమాన్ విమానాశ్రయంలో సంచులు వెతికి గుల్లలు, పగడపు ముక్కలు తీసేసుకోవడం అక్కడికి వెళ్లొచ్చిన వాళ్లకు తెలిసిందే. చట్టం సంగతి అలా ఉంచినా, ఖాళీ గుల్ల అక్కడ వృథాగా పడి లేదు. ఒడ్డుకు మంచి గుల్ల ఒకటి చేరితే చిన్నా పెద్దా సన్యాసి పీతలు వరసలో నిలబడతాయి. పెద్దది కొత్తదానిలోకి మారగానే దాని పాత గుల్లలోకి తర్వాతిది, దానిలోకి ఆ తర్వాతిది. ఒక్క గుల్ల వస్తే అరడజను ఇళ్లు మారతాయి. మనం ఒకటి జేబులో వేసుకుంటే ఆ వరస మొత్తం ఆగిపోతుంది.

గుల్లలు కరువైన చోట ఏం జరుగుతుందో కూడా చూశారు. 2024లో పోలండ్ పరిశోధకులు జనం ఇంటర్నెట్‌లో పెట్టిన ఫొటోలు జల్లెడ పట్టి, చెత్తను ఇల్లు చేసుకున్న సన్యాసి పీతలు 386 లెక్కతేల్చారు. ఎక్కువ భాగం ప్లాస్టిక్ మూతలే. నేల మీద బతికే 16 జాతుల్లో పదింటికి ఈ అలవాటు కనిపించింది. అంతకుముందు 2020లో జెన్నిఫర్ లావర్స్ బృందం హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో, పసిఫిక్‌లోని హెండర్సన్ దీవిలో ప్లాస్టిక్ సీసాల్లోకి దూరి బయటికి రాలేక చచ్చేవాటిని అంచనా కట్టారు. రెండు చోట్లా కలిపి 5,70,000. పోలండ్ వాళ్ల పరిశోధనకు మూలం మీ అబ్బాయి లాంటి వాళ్లు తీసిన మామూలు ఫొటోలేనని గుర్తుంచుకోండి. తీస్తూ ఉండమనండి.

తీసేటప్పుడు నాలుగు సంగతులు చూసుకోమనండి. ఎండ్రకాయను పైకెత్తి అరచేతిలో పెట్టుకోకుండా, అదే గుంటలో లేదా సముద్రపు నీళ్లు పోసిన తెల్ల పళ్లెంలో ఉంచాలి. మంచినీళ్లు పోయకూడదు, చచ్చిపోతుంది. నీడ పడకుండా కాసేపు కదలక కూర్చుంటే అదే బయటికి వస్తుంది. ఎదురుగా ఒక ఫొటో తీస్తే కంటి కాడలు, మీసాలు పడతాయి. ఎడమ పక్క నుంచి ఒకటి తీస్తే డెక్క బయటి ముఖం, వేళ్ల కొసలు కనిపిస్తాయి. ఇంకొకటి నడిచే కాళ్ల కొసల కోసం. పక్కన రూపాయి బిళ్ల పెడితే కొలత తెలుస్తుంది. చోటు, తేదీ, నీటి లోతు రాసుకుని, దాన్ని తీసిన గుంటలోనే వదిలేయాలి. అప్పుడు తోటి నిపుణులు జాతి పేరు ధైర్యంగా చెబుతారు. ఒకవేళ ఫొటోలో డెక్క కొస కనపడక ‘కాల్సినస్ వరకే చెప్పగలం’ అని ఎవరైనా అంటే, అదీ సరైన జవాబే అనుకోండి.